గోడ మీద ఎవరి పేరు?

ఊరి నుంచి చుట్టాలొస్తే న్యూయార్క్‌లో మీరేం చూపిస్తారు? లిబర్టీ బొమ్మ, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ బిల్డింగు. నేనూ అవే చూపిస్తా. కాకపోతే మధ్యమధ్యలో ఆగిపోతుంటా. గోడ మీద ఎక్కడైనా ఇత్తడి పలక కనబడిందంటే ఇక నా కాళ్ళు కదలవు. ‘బిల్డింగు చూద్దామని తీసుకొస్తారు, తీరా వచ్చాక గోడ మీద రాతలు చదువుతూ నిలబడతారు’ అని మా ఆవిడ అందరి దగ్గరా చెప్పి నవ్వుతుంది. పోయిన వేసవిలో మా పెద్ద బావగారు వచ్చినప్పుడూ అదే వరస. నలభై నిమిషాలు నన్ను భరించి, చివరికి ‘ఏం బావా, ఇందులో మన పేరేమైనా ఉందేంటి?’ అన్నారు.

ఆ మాట సరదాకే అన్నారు. కానీ నేను వెతికేది కూడా దాదాపు అదే.

మా నాన్న తాపీమేస్త్రి. తూర్పుగోదావరి జిల్లాలో మా మండలంలో ఉన్న బడులు, పంచాయతీ ఆఫీసులు చాలావరకు ఆయన చేతి మీద లేచినవే. పని పూర్తయ్యాక ప్రారంభోత్సవానికి శిలాఫలకం పెడతారు కదా, దానికి దిమ్మె కట్టేది కూడా ఆయనే. నల్ల గ్రానైటు రాయి, పసుపు రంగు అక్షరాలు. పైన ముఖ్యమంత్రి, ఆ కింద మంత్రి, ఎమ్మెల్యే, ఎంపీపీ, సర్పంచ్, అందరికంటే అడుగున కాంట్రాక్టరు. ఎవరి పేరు ఎవరి కింద వచ్చిందన్న గొడవతో ప్రారంభోత్సవమే వాయిదా పడ్డ సంగతులు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటాయి. నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు ఒకసారి అడిగా, ‘నాన్నా, ఇందులో నీ పేరేది?’ అని. ఆయన తాపీ కడుక్కుంటూ, ‘మన పేరు మస్టర్లో ఉంది కదరా. డబ్బులొచ్చేది అక్కడే’ అన్నాడు.

కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, దుబాయ్‌లో కొన్నేళ్ళు ఫోర్‌మన్‌గా పనిచేసి, మా ఆవిడ ఉద్యోగం వీసా మీద ఇటొచ్చా. 2015లో హెచ్-4 వాళ్ళకి పని చేసుకునే అనుమతి ఇచ్చాకే మళ్ళీ నెత్తిన హెల్మెట్ పెట్టుకోగలిగా. ఇప్పుడు న్యూజెర్సీలో కాపురం, న్యూయార్క్‌లో సైటు సూపర్‌వైజర్ ఉద్యోగం. ఈ నగరంలో కాస్త పెద్ద సైటులో సూపర్‌వైజర్‌గా నిలబడాలంటే 62 గంటల భద్రతా శిక్షణ కార్డు జేబులో ఉండాలి. ఆ శిక్షణలో పాఠం చెప్పినాయన మొదటి రోజే ఒక మాటన్నాడు: మీకు ఇక్కడ చెప్పే ప్రతి రూలు వెనకాలా ఒక మనిషి చావు ఉంది అని. ఆ మనుషులెవరా అని వెతకడంతోనే నాకీ పలకల పిచ్చి పట్టుకుంది.

ముప్పైమందికి దక్కిన ఇత్తడి పలక

ఎంపైర్ స్టేట్ బిల్డింగుతోనే మొదలుపెడతా. 1930 మార్చిలో పని మొదలెట్టి 1931 మే 1న ప్రారంభించేశారు. 102 అంతస్తులు, 410 రోజులు! మా మండలాఫీసు రెండో అంతస్తు స్లాబుకే అంతకంటే ఎక్కువ పట్టింది. పని ఊపులో ఉన్నప్పుడు ఒక్క రోజులో 3,400 మంది దాకా ఆ సైటులో ఉండేవారట.

లిఫ్టెక్కి పైకి పరుగులు తీసే జనంలో చాలామంది చూడనిది ఒకటి ఆ లాబీలో ఉంది. పనితనానికి బహుమతి పొందిన మేస్త్రీల పేర్లతో ఒక ఫలకం. ఇటుకపని, వడ్రంగం, ప్లంబింగు, ఇలా ఒక్కో పనికీ ఎంచిన మనిషి పేరు, మొత్తం ముప్పైమందికి పైగా ఉంటారు. న్యూయార్క్ బిల్డింగ్ కాంగ్రెస్ అనే సంస్థ ఆ రోజుల్లో ఇలా పనివాళ్ళకి బహుమతులిచ్చేది. ఈ పేర్లు పట్టుకుని ఒక్కొక్కరి జాడా తీస్తూ గ్లెన్ కర్ట్జ్ అనే ఆయన 2025లో ఒక పుస్తకమే వేశాడు.

మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా సంతోషమైంది. వెంటనే లెక్క కూడా మనసులోకొచ్చింది, మా వృత్తి జబ్బది. వేలమందిలో ముప్పై చిల్లర. పనిలో చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కలో అయిదుగురు. బహుమతి పలక కాబట్టి దాంట్లో చనిపోయినవాళ్ళ ఊసు ఉండదు.

మీరందరూ చూసే ఉండే ఫొటో ఒకటుంది. ఊళ్ళో సెలూన్లలో, టీ కొట్లలో కూడా తగిలిస్తారు. ఆకాశంలో ఇనుప దూలం మీద వరసగా పదకొండుమంది కూర్చుని అన్నం తింటుంటారు. అది ఎంపైర్ స్టేట్ అనుకుంటారు చాలామంది. కాదు, రాక్‌ఫెల్లర్ సెంటర్, 69వ అంతస్తు, 1932 సెప్టెంబరు 20. బిల్డింగు ప్రచారం కోసం తీయించిన ఫొటో. ప్రపంచమంతా చూసిన ఆ పదకొండుమందిలో పేర్లు గట్టిగా తేలినవి చాలా కొద్ది. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ ఇద్దరి పేర్లు రుజువు చేయగలిగింది. బెల్టు లేదు, హెల్మెట్ లేదు. నా సైటులో ఎవడైనా అలా కూర్చుంటే ఆ పూటే ఇంటికి పంపించేస్తా, అది వేరే సంగతి.

రెండు వంతెనలు

బ్రూక్లిన్ వంతెన మీద నడిచినవాళ్ళు అక్కడున్న ఫలకం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 1951లో బ్రూక్లిన్ ఇంజినీర్లు పెట్టారు. ప్లాను గీసిన జాన్ రోబ్లింగ్ పని మొదలవకముందే 1869లో పడవ దెబ్బకి కాలు నలిగి ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ నదిలో పునాది పెట్టెల్లోకి దిగీ దిగీ మంచం పట్టాడు. అప్పుడు ఆయన భార్య ఎమిలీ గణితం నేర్చుకుని, లెక్కలు చూసుకుని, భర్త చెప్పినవి సైటుకి చేరవేస్తూ పదేళ్ళకి పైగా పని నడిపించింది. 1883 మే 24న వంతెన తెరిచారు. ఆ ఫలకం ఎమిలీ పేరు మీదే. మామగారు, భర్త పేర్లూ అందులోనే ఉన్నాయి. మా ఆవిడకి బాగా నచ్చిన ఫలకం ఇదొక్కటే. నా మొహం చూసి మరీ చదివింది.

ఆ పునాది పెట్టెలంటే ఏమిటో చెప్పాలి. అడుగు లేని పెద్ద చెక్క గది అనుకోండి. దాన్ని నదిలో బోర్లించి, నీళ్ళు రాకుండా లోపలికి గాలి ఒత్తిడితో పంపుతారు. కూలీలు దాంట్లోకి దిగి నది అడుగు తవ్వుతారు. తవ్వేకొద్దీ పెట్టె దిగుతుంది. పైకి త్వరగా వచ్చేస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి కీళ్ళు పట్టేస్తాయి, ప్రాణమూ పోవచ్చు. కూలి రోజుకి రెండు డాలర్ల పైచిలుకు. ఎక్కువమంది ఐర్లాండ్, జర్మనీ, ఇటలీల నుంచి వచ్చినవాళ్ళు. ఆ వంతెన పనిలో ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ ఫలకంలో వాళ్ళ పేర్లు లేవు.

మనదీ అదే కథ అనుకోండి. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. ఉండాల్సిందే, మా తాతలు అన్నం తిన్నది ఆయన ఆనకట్ట వల్లే. ఆయన పక్కన నిలబడి కూలీల్ని కూడగట్టిన మన వీణం వీరన్నగారి పేరు మా క్లాసులో ఎంతమందికి తెలుసంటే, పాలిటెక్నిక్‌లో మాస్టారు అడిగితే ఒక్కడు చెయ్యెత్తాడు. ఆ ఒక్కడూ నేను కాదు.

రెండో వంతెన వెర్రజానో. స్టాటెన్ ఐలండ్ నుంచి బ్రూక్లిన్ వెళ్ళేవాళ్ళకి రోజూ దారిది. 1963 అక్టోబరులో ఒక 19 ఏళ్ళ ఇనుపపని కుర్రాడు దీని మీద నుంచి నీళ్ళలోకి పడిపోయాడు. ఆ పనిలో పోయిన మూడోవాడు. ‘కింద వలలు కట్టేదాకా పైకెక్కం’ అని తోటివాళ్ళు పని ఆపేశారు. కొన్ని రోజులకి వలలు వచ్చాయి. తర్వాత ఆ వలల్లో పడి బతికి బట్టకట్టినవాళ్ళున్నారు. 1964 నవంబరు 21న ప్రారంభోత్సవం. పెద్దమనుషులందరికీ పిలుపులెళ్ళాయి, కట్టినవాళ్ళకి లేదు. దాంతో వాళ్ళు ఆ రోజు చనిపోయిన ముగ్గురి కోసం చర్చిలో ప్రార్థన పెట్టుకున్నారు. ఇంకో విచిత్రం చూడండి, ఆ సభలో రాబర్ట్ మోజెస్ దొరగారు వంతెన గీసిన 85 ఏళ్ళ ఇంజినీరు అమ్మన్‌ని లేచి నిలబడమని తెగ పొగిడి, పేరు చెప్పడం మాత్రం మర్చిపోయాడట! ఇంజినీరుకే దిక్కులేదు, ఇక మస్టర్లో ఉన్నవాడి గతేంటి.

పన్నెండు అడుగుల ఎత్తులో పేర్లు

మాన్‌హాటన్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు పక్కన గ్రీన్ స్ట్రీట్, వాషింగ్టన్ ప్లేస్ కలిసే మూల మీద పదంతస్తుల పాత బిల్డింగొకటి ఉంది. ఇప్పుడది యూనివర్సిటీ వాళ్ళది. 1911లో అందులో పై మూడంతస్తులూ ట్రయాంగిల్ షర్ట్‌వేస్ట్ అనే బట్టల ఫ్యాక్టరీ. మార్చి 25, శనివారం, ఇంకాసేపట్లో పని ముగుస్తుందనగా ఎనిమిదో అంతస్తులో గుడ్డపీలికల బుట్ట అంటుకుంది. తొమ్మిదో అంతస్తులో మెట్ల తలుపుకి తాళం. పనివాళ్ళు బట్టలు ఎత్తుకెళ్తారేమో, యూనియన్ వాళ్ళు లోపలికొస్తారేమో అని వేసిన తాళమది. బయటి ఇనుప మెట్లు జనం బరువుకి విరిగి పడ్డాయి. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకే అందింది. చాలామంది కిటికీల్లోంచి దూకేశారు. మొత్తం 146 మంది పోయారు. 123 మంది ఆడవాళ్ళు, ఆడపిల్లలు. ఎక్కువమంది యూదులు, ఇటలీవాళ్ళు, ఓడ దిగి కొన్నేళ్ళు కూడా కాని వలస జనం. అందరికంటే చిన్నవాళ్ళకి 14 ఏళ్ళు. ఒకే ఇంటి తల్లి, ఇద్దరు కూతుళ్ళు అందులో ఉన్నారు.

యజమానులిద్దర్నీ కోర్టు నిర్దోషులని వదిలేసింది. తర్వాత సివిల్ కేసుల్లో మనిషికి 75 డాలర్ల చొప్పున చేతిలో పెట్టారు.

ఆ రోజు రోడ్డు మీద నిలబడి అదంతా చూసినవాళ్ళలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే ఆమె ఒకరు. తర్వాతి కాలంలో ఆమే అమెరికా కార్మిక మంత్రి అయింది. ఈ దేశంలో కేబినెట్‌లో కూర్చున్న మొదటి మహిళ. మీరు పనిచేసే చోట తలుపు బయటికే తెరుచుకోవాలి, పనివేళల్లో తాళం ఉండకూడదు, నీళ్ళ స్ప్రింక్లర్లు ఉండాలి అంటున్నారంటే, ఆ రూళ్ళలో చాలావాటి మొదలు ఆ శనివారంలోనే ఉంది.

ఆ బిల్డింగుకి 1961లో బట్టలు కుట్టేవాళ్ళ యూనియన్ ఒక పలక పెట్టింది. కానీ పేర్లన్నిటితో అసలు స్మారకం రావడానికి 112 ఏళ్ళు పట్టింది. అవును, 2023 అక్టోబరు 11న. చనిపోయినవాళ్ళలో ఆరుగురి పేర్లే చాలాకాలం తెలియవు. మైకేల్ హిర్ష్ అనే పరిశోధకుడు పాత పేపర్లు, సమాధుల రికార్డులు తిరగేసి నూరేళ్ళు నిండిన 2011 నాటికి ఆ ఆరుగురి పేర్లూ తేల్చాడు.

ఇప్పుడు పనివాడి కళ్ళతో ఆ స్మారకం ఎలా ఉందో చెప్తా. గోడ నుంచి ముందుకొచ్చిన స్టీలు పట్టీ ఒకటి తల పైన, నేల నుంచి సుమారు 12 అడుగుల ఎత్తులో మూల చుట్టూ తిరుగుతుంది. అందులో పేర్లు చెక్కలేదు, రేకులో ఆరపార కోసేశారు. అక్షరం ఉన్నచోట ఆకాశం కనబడుతుంది. నడుము ఎత్తులో అద్దంలా మెరిసే నల్లటి పలక ఉంది. మీరు తలొంచి చూస్తే పైనున్న పేర్లు అందులో ప్రతిబింబంగా కనబడతాయి, వాటి మధ్య మీ మొహం. ఆ రోజు చూసినవాళ్ళ మాటలు ఇంగ్లిష్, యిడిష్, ఇటాలియన్ మూడు భాషల్లో ఉన్నాయి. చనిపోయినవాళ్ళ ఇంటి భాషల్లో రాశారన్నమాట. అది చూసి నాకు గొంతు పట్టేసింది. వెల్డింగు అతుకులు ఎక్కడున్నాయో చూద్దామని వెళ్ళినవాణ్ణి, అతుకులు చూడకుండానే వచ్చేశా.

తవ్వితే బయటపడినవాళ్ళు

మా పనిలో అందరికీ ఒక భయం ఉంటుంది. పునాది తవ్వుతుంటే ఎముక తగలకూడదు. తగిలిందా, పని ఆగిపోయినట్టే. 1991లో బ్రాడ్‌వే 290 నంబరు దగ్గర కేంద్ర ప్రభుత్వ ఆఫీసు కోసం తవ్వుతుంటే సరిగ్గా అదే జరిగింది. ఇరవైనాలుగు అడుగుల లోతున సమాధులు బయటపడ్డాయి. 1755 నాటి పటంలోనే అక్కడ నల్లవాళ్ళ శ్మశానం అని రాసి ఉంది. తర్వాత దాని మీద మట్టి పోసి, ఇళ్ళు కట్టి, ఊరంతా మర్చిపోయింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, వాళ్ళ పిల్లలు దాదాపు 15 వేలమంది ఆ చుట్టుపక్కల నేలలో ఉన్నారని అంచనా. వాల్ స్ట్రీట్‌కి ఆ పేరు తెచ్చిన గోడ కట్టడంలో కూడా బానిసల చెమట ఉంది.

మొదట్లో పని ఆపలేదు. ఒక పక్క ఎముకలు తీస్తూనే ఇంకో పక్క తవ్వుకుంటూ పోయారు. నల్లజాతి జనం రోడ్డెక్కి గొడవ చేశాక 1992లో ఆ భాగంలో తవ్వకం ఆగింది. 419 మంది అవశేషాలు తీసి హోవర్డ్ యూనివర్సిటీకి పంపించారు. ఎముకలకి కండరాలు అంటుకునే చోట చిరుగులు, మోయలేని బరువులు మోసిన గుర్తులు కనిపించాయి. పిల్లల ఎముకల్లో కూడా. 2003లో ఘనాలో చేతితో చెక్కిన పెట్టెల్లో పెట్టి అదే చోట మళ్ళీ పాతిపెట్టారు. 2006లో జాతీయ స్మారకంగా ప్రకటించారు, 2007లో స్మారకం తెరిచారు. రాడ్నీ లియాన్ గీసిన ఆ నల్లరాతి గది ఎత్తు ఇరవైనాలుగు అడుగులు. సమాధులు ఎంత లోతున దొరికాయో అంత ఎత్తు. వాళ్ళెవరి పేర్లూ తెలియవు కాబట్టి లోతుని కొలిచి నిలబెట్టారు.

నేను అక్కడికి మొదటిసారి లంచ్ బ్రేకులో వెళ్ళా, దగ్గర్లోనే మా సైటు. వెనక్కొచ్చాక ఆ పూట జేసీబీ వాడికి పని చెప్పబుద్ధి కాలేదు. షెడ్యూలు ఊరుకోదు కాబట్టి చెప్పాననుకోండి.

పక్కపక్కన ఎవరుండాలి?

ట్విన్ టవర్స్ స్మారకం గురించి అందరికీ తెలుసు కాబట్టి తెలియనిది ఒక్కటే చెప్తా. 2011 సెప్టెంబరు 11న తెరిచిన ఆ రెండు నీటి గుంటల చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లున్నాయి. 1993 బాంబు పేలుడులో పోయిన ఆరుగురు కూడా కలిపి. అవి అక్షరక్రమంలో ఉండవు. ఎవరి పక్కన ఎవరుండాలో ఇళ్ళవాళ్ళని అడిగారు. వెయ్యికి పైగా కోరికలు వచ్చాయట. ఒకే టేబుల్ దగ్గర పనిచేసే స్నేహితులు, అన్నదమ్ములు, పెళ్ళి కుదిరినవాళ్ళు, ఇలా పక్కపక్కన పెట్టారు. మన దేశం పేర్లూ చాలా కనబడతాయి. పుట్టినరోజు నాడు పేరులో తెల్ల గులాబీ గుచ్చి ఉంటుంది.

అక్కడే ఓ పక్కగా ఆరు పెద్ద బండరాళ్ళున్నాయి, 2019 మే 30న పెట్టారు. బండల్లో పగుళ్ళు, ఆ పగుళ్ళలో కూలిన టవర్ల స్టీలు పొదిగారు. ఆ శిథిలాలు ఎత్తి, ఆ దుమ్ము పీల్చి, తర్వాత జబ్బుపడినవాళ్ళ కోసం పెట్టినవవి. వాళ్ళలో ఫైరువాళ్ళు, పోలీసులే కాదు, క్రేనువాళ్ళు, వెల్డర్లు, కూలీలు కూడా ఉన్నారు. వాటి మీద పేర్లు లేవు. ఆ లెక్క ఇంకా ముగియలేదు మరి.

మా బావగారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తా. మనవాళ్ళ పేర్లు లేకపోలేదు. యూనియన్ స్క్వేర్‌లో 1986 నుంచి గాంధీగారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫ్లషింగ్‌లో గణేశుడి గుడి ఉన్న వీధికి 2022లో గణేశ్ టెంపుల్ స్ట్రీట్ అని పేరు పెట్టారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఇక్కడికి దగ్గర్లోనే, పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబులో పనిచేశారు. ఫోలిక్ యాసిడ్, కేన్సర్ మందులు, బోదకాలు మందు, అన్నిట్లో ఆయన చెయ్యుంది. 1948లో నిద్రలోనే పోయారు, అప్పటికి 53 ఏళ్ళు. ఒక రకం బూజుకి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు, సుబ్బరోమైసెస్ అని. మా బావగారు అది విని, ‘బూజుకా?’ అని చాలాసేపు నవ్వారు. గౌరవమే బావా అంటే వినరే.

పేరు రాయని పేరు

ఇదంతా చెప్పి దుబాయ్ సంగతి చెప్పకపోతే నేను మోసం చేసినట్టే.

2009లో నేను ఫోర్‌మన్‌గా ఉన్న సైటులో కరీంనగర్ వైపు కుర్రాడొకడు షట్టరింగు పనిలో ఉండేవాడు. పేరు రాయను, వాళ్ళ ఇంట్లోవాళ్ళని అడగలేదు కాబట్టి. ఇరవైనాలుగేళ్ళు. ఏజెంటుకి కట్టిన అప్పు ఇంకా సగం ఉంది. మేం బేస్‌మెంటులో స్తంభాలు పోస్తున్నప్పుడు, ఎదురుగా బుర్జ్ ఖలీఫా చివరి మెరుగులు దిద్దుకుంటోంది. ఓ రోజు సాయంత్రం దాని వంక చూసి, ‘అన్నా, గంత పెద్ద బిల్డింగు మీద మనోళ్ళ పేర్లు ఏడన్న రాస్తరా?’ అన్నాడు. ‘రాస్తే నీ పేరు రాయడానికి గోడ చాలదులే, పని చూడు’ అన్నా. నవ్వాడు. మర్నాడు చూస్తే, తడారని నేల కాంక్రీటులో స్తంభం పక్కన మేకుతో తన పేరు తెలుగులో రాసి ఉంది. నాకు కోపమొచ్చింది. ఇన్‌స్పెక్షన్‌లో రాసుకుంటారని తిట్టి, మేస్త్రిని పిలిచి పైన పూత వేయించేశా.

నాలుగు నెలల తర్వాత వాడు పదకొండో అంతస్తులో అంచు నుంచి పడిపోయాడు. అంచున కట్టాల్సిన రెయిలింగు ఆ ముందురోజు సామాను ఎక్కించడానికి తీశారు, మళ్ళీ పెట్టలేదు. ఆ షిఫ్టు నాది కాదు. కానీ రెయిలింగు లేదని నేను పొద్దున చూశా. సాయంత్రానికి పెట్టించొచ్చులే అనుకున్నా. ఈ మాట ఇన్నేళ్ళలో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పెట్టె ఇంటికి చేరడానికి 19 రోజులు పట్టింది. కాగితాల మీద సంతకాలకి తిరిగింది నేనే. వాళ్ళ నాన్న ఫోనులో ‘సారూ, పోరడు మంచిగ పనిచేసేటోడేనా?’ అని అడిగాడు. ఇంకేమీ అడగలేదాయన.

ఆ బిల్డింగు ఇప్పుడు కార్లు పెట్టుకునే బేస్‌మెంటుతో సహా నిండిపోయి ఉంటుంది. లాబీలో డెవలపర్ పేరుతో పెద్ద పలక ఉంది, నేను ఉండగానే బిగించారు. నా పూత కింద ఇంకో పేరుంది.

ఇక్కడ న్యూయార్క్‌లో 2015 ఏప్రిల్‌లో కార్లోస్ మోంకాయో అనే 22 ఏళ్ళ ఈక్వడార్ కుర్రాడు గుంత గోడ కూలి మట్టిలో కూరుకుపోయాడు. పక్కల ఊతం పెట్టని గుంత. ప్రమాదం అని అంతకుముందే హెచ్చరించారు కూడా. కోర్టులో నేరం రుజువైంది, కానీ అప్పటి చట్టం ప్రకారం కంపెనీకి పడగలిగే జరిమానా మహా అయితే 10 వేల డాలర్లు. ఏడేళ్ళ పోరాటం తర్వాత 2022 డిసెంబరులో కార్లోస్ చట్టం వచ్చింది. ఘోర నేరంగా తేలితే కంపెనీకి కనీసం 5 లక్షల డాలర్లు. ఇంటివాళ్ళకి ఆ కుర్రాడు తిరిగిరాడు. కానీ మా ఆఫీసులో గుంతల గురించి మాట్లాడినప్పుడల్లా వాడి పేరు పలకాల్సిందే. అంతకంటే మంచి పలక నేను చూళ్ళేదు. మన దగ్గర కూడా 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ ఇళ్ళకి అయిదు లక్షల రూపాయలిచ్చే ఏర్పాటు చేసింది. మంచిదే. పోయినవాళ్ళ పేర్లు ఊరి పేరు, వయసుతో సహా ఒక్కచోట రాసిపెట్టే పని కూడా ఎవరైనా మొదలెడితే బాగుంటుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఒక్క మాట. మీ క్యాంపులో ఎవరైనా పోతే, పాస్‌పోర్టు కాపీతో పాటు వాళ్ళ పేరు, ఊరు, ఏ పనిలో ఎలా పోయారో ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. తర్వాత ఇంటివాళ్ళకి అదే ఆధారం.

ట్రయాంగిల్ బిల్డింగు దగ్గర ఇంకో పద్ధతి ఉంది. 2004లో రూత్ సెర్గెల్ అనే ఆవిడ మొదలెట్టింది. ప్రతి మార్చి 25న జనం సుద్దముక్కలు పట్టుకుని, చనిపోయిన 146 మందీ ఎక్కడెక్కడ కాపురమున్నారో ఆ ఇళ్ళ ముందు ఫుట్‌పాత్ మీద పేరు, వయసు రాస్తారు. వాన పడితే చెరిగిపోతుంది. మళ్ళీ ఏడు మళ్ళీ రాస్తారు. అదే రోజు బిల్డింగు దగ్గర ఫైరింజన్ తెచ్చి నిచ్చెన ఆరో అంతస్తు దాకా లేపి ఆపేస్తారు. ఒక్కో పేరు చదివి గంట కొడతారు.

ఈ ఏడాది మా అమ్మాయిని తీసుకెళ్ళా. పదేళ్ళది. ఈస్ట్ విలేజ్‌లో ఒక పాత ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని 18 ఏళ్ళ పిల్ల పేరు రాసింది. రోజ్ రంగు సుద్ద కావాలని పేచీ పెట్టింది. దారిన పోయేవాళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళారు గానీ ఎవరూ తొక్కలేదు.

ఇంటికొచ్చాక జేబులో ఒక సుద్దముక్క మిగిలి ఉంది. మా ఇంటి ముందు కాంక్రీటు మీద కూర్చుని ఆ కుర్రాడి పేరు తెలుగులో రాశా. పక్కన 24 అని రాశా. మా అమ్మాయి కూడబలుక్కుని చదివి, ‘ఎవరు నాన్నా?’ అంది. మా సైటులో పనిచేసేవాడమ్మా అన్నా. ‘బాగా చేసేవాడా?’ అంది.

బాగా చేసేవాడు అని చెప్పా. రాత్రికి వానొచ్చింది.